ఒకే మెయిల్ సర్వర్‌లో ఉన్న క్లయింట్ల మెయిల్స్‌ని ఎవరి ఐపీ నుంచి వాళ్లవే పంపడం ఎలా?

వెబ్‌సైట్లు కట్టిస్తూ, వాటితో పాటు క్లయింట్ల మెయిల్ కూడా చూసుకునే చిన్న సంస్థల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది: "మా సర్వర్‌లో ఒక కోచింగ్ సెంటర్, ఒక బట్టల షాపు, ఇద్దరు ముగ్గురు ఆడిటర్లు, ఒక కాలేజీ ఉన్నాయి. షాపువాళ్లు దసరా ఆఫర్ అంటూ వేల మెయిల్స్ పంపారు. ఇప్పుడు ఆడిటర్ గారు పంపిన మామూలు మెయిల్ కూడా జీమెయిల్‌లో స్పామ్‌లోకి పోతోంది. ఎవరి మెయిల్ వాళ్ల ఐపీ నుంచే వెళ్లేలా చేయలేమా?"

చేయొచ్చు. కొత్త సర్వర్ కొనక్కర్లేదు, మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌ఫిక్స్‌లో ఉన్న సౌకర్యాలే చాలు. కానీ ఒక మాట ముందే చెప్పాలి. చాలామంది ఐపీలు విడగొట్టి పని అయిపోయిందనుకుంటారు. అది సగం పనే. ఏ లాగిన్ ఏ అడ్రస్ పేరుతో పంపొచ్చో కట్టడి చేయకపోతే, హ్యాక్ అయిన షాపు ఖాతా ఆడిటర్ గారి అడ్రస్ పెట్టుకుని ఆడిటర్ గారి ఐపీ నుంచే స్పామ్ పంపగలదు. అందుకే కింద ఆరో మెట్టును వదిలేయకండి.

సెట్టింగుల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైల్‌లో టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, కింది గీత (_) ఉన్న చోట అండర్‌స్కోర్, మధ్య గీత (-) ఉన్న చోట మైనస్ పెట్టి రాయాలి. ఉదాహరణలకు వాడిన 203.0.113 శ్రేణి ఐపీలు, ఎగ్జాంపుల్ అని ముగిసే డొమైన్లు పాఠాల కోసమే కేటాయించినవి. వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరికి సొంత ఐపీ?

ప్రతి క్లయింట్‌కీ ఒక ఐపీ ఇచ్చేయాలని అనిపిస్తుంది. అలా చేయకండి. రోజుకు పది ఇరవై మెయిల్స్ పంపే ఆడిటర్ ఆఫీసుకు సొంత ఐపీ ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఐపీకి మంచి పేరు రావాలంటే దాని నుంచి నిలకడగా కొంత మెయిల్ వెళ్తుండాలి. ఎప్పుడో ఒక మెయిల్ పంపే ఐపీని జీమెయిల్, ఔట్‌లుక్ కొత్త ముఖంలాగే చూస్తాయి.

నేను సూచించే విభజన ఇది. తక్కువ మెయిల్ పంపే మంచి క్లయింట్లందరికీ కలిపి ఒక ఉమ్మడి ఐపీ. ఎక్కువ పంపేవాళ్లకు, ప్రచార మెయిల్స్ పంపేవాళ్లకు తలా ఒకటి. ఫార్వర్డ్ అయ్యే మెయిల్స్‌కి, సర్వర్ తనంతట తాను పంపే బౌన్స్‌లకు (మెయిల్ చేరలేదని చెప్పే తిరుగు మెయిల్స్‌కి) వేరే ఒకటి. బయటి నుంచి వచ్చిన స్పామ్‌ని మన సర్వర్ ఫార్వర్డ్ చేసినా ఆ చెడ్డపేరు మనకే వస్తుంది. అందుకే ఈ చివరిది కూడా విడిగా ఉండాలి.

ఈ వ్యాసంలో ఇలా అనుకుందాం: ఉమ్మడి ఐపీ 203.0.113.10, కోచింగ్ సెంటర్‌ది 11, షాపుది 12, ఫార్వర్డ్, బౌన్స్‌లది 13.

కావాల్సినవి

- పోస్ట్‌ఫిక్స్ నడుస్తున్న లినక్స్ సర్వర్, దాని రూట్ యాక్సెస్. వెర్షన్ 2.7 నుంచీ ఈ పద్ధతి పనిచేస్తుంది. 3.7 లేదా ఆ పైన ఉంటే ఒక ముఖ్యమైన రక్షణ అదనంగా దొరుకుతుంది.
- అదనపు ఐపీలు, వాటి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి పేరు చెప్పే రికార్డు) మార్చుకునే వీలు.
- ప్రతి క్లయింట్ డొమైన్ డీఎన్ఎస్ మార్చే అనుమతి, లేదా మార్చగలిగే మనిషి ఫోన్ నంబర్. చాలాసార్లు పని ఆగేది ఇక్కడే. డొమైన్ ఎప్పుడో ఎవరో కొని ఉంటారు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ముందే వెతికి పెట్టుకోండి.
- బయటికి వెళ్లే 25 పోర్ట్ తెరిచి ఉండాలి. అమెజాన్ ఈసీ2లో అది మొదట మూసే ఉంటుంది, అడిగి తెరిపించుకోవాలి. గూగుల్ క్లౌడ్ అయితే బయటి ఐపీలకు 25 పోర్ట్ మీద పంపనివ్వదు. అక్కడుంటే ఈ పద్ధతి కాకుండా, చివర్లో చెప్పిన రిలే దారి పట్టాలి.

మొదలుపెట్టే ముందు ఈటీసీలోని పోస్ట్‌ఫిక్స్ ఫోల్డర్ మొత్తం ఒక కాపీ తీసి పెట్టండి.

1. ఐపీలను సర్వర్‌కి జోడించండి

ఉబుంటులో నెట్‌ప్లాన్ ఫైల్‌లో, డెబియన్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో కొత్త ఐపీలు రాయండి. తర్వాత "ఐపీ అడ్రస్ షో" కమాండ్ ఇచ్చి నాలుగూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. రీబూట్ అయ్యాక కూడా ఉండాలి కాబట్టి, వీలైతే రాత్రి వేళ ఒకసారి రీబూట్ చేసి చూసుకోవడం మంచిది.

క్లౌడ్‌లో ఉన్నవాళ్లకు హెచ్చరిక: అమెజాన్ లాంటి చోట సర్వర్‌కి కనిపించేది లోపలి ఐపీ మాత్రమే. బయటి ఐపీ దానికి జత చేసి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో రాయాల్సింది లోపలి ఐపీ, డీఎన్ఎస్‌లో రాయాల్సింది బయటి ఐపీ. రెండూ తారుమారు చేసి గంటల తరబడి కుస్తీ పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

2. డీఎన్ఎస్ ముందే సరిచేయండి

పోస్ట్‌ఫిక్స్ జోలికి వెళ్లకముందే ఇది చేయాలి. డీఎన్ఎస్ మార్పు లోకమంతా తెలిసేసరికి కొంత సమయం పడుతుంది.

ప్రతి ఐపీకి ఒక పేరు పెట్టండి, ఉదాహరణకు 11కి "అవుట్11" అనే హోస్ట్‌నేమ్. ఆ పేరుకున్న "ఏ" (A) రికార్డు ఆ ఐపీని చూపాలి. ఆ ఐపీ రివర్స్ రికార్డు, అంటే పీటీఆర్, తిరిగి ఆ పేరునే చూపాలి. రెండు వైపులా కలవాలి. పీటీఆర్‌ని డొమైన్ కొన్న చోట మార్చలేరు. ఐపీ ఇచ్చిన హోస్టింగ్ కంపెనీ ప్యానెల్‌లో మార్చాలి, లేదా వాళ్లకు టికెట్ పెట్టాలి.

తర్వాత ఎస్‌పీఎఫ్, అంటే డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే డీఎన్ఎస్ రికార్డు. కోచింగ్ డొమైన్‌లో 11 ఒక్కటే, షాపు డొమైన్‌లో 12 ఒక్కటే ఉండాలి. క్లయింట్లందరికీ ఒకే ఇన్‌క్లూడ్ (వేరే రికార్డును చూడమనే మాట) పెట్టి అందులో నాలుగు ఐపీలూ రాసేయడం తేలికే. కానీ అప్పుడు ఎవరి పేరుతో ఏ ఐపీ నుంచి పంపినా ఎస్‌పీఎఫ్ పాస్ అవుతుంది, పొరపాటు జరిగినా మీకు తెలియదు. పాత ఐపీని మాత్రం పరీక్షలన్నీ అయ్యేవరకు తీసేయకండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి దారి ఉండాలి.

ఒక డొమైన్‌కి ఒక్కటే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. పాతది ఉంచి పక్కన కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు, ఫలితం పర్మ్ ఎర్రర్ అని వస్తుంది. ఇన్‌క్లూడ్‌ల వంటి డీఎన్ఎస్ వెతుకులాటలు మొత్తం పది దాటినా అదే గతి.

3. ప్రతి ఐపీకి ఒక ట్రాన్స్‌పోర్ట్ తయారుచేయండి

ట్రాన్స్‌పోర్ట్ అంటే పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని బయటికి పంపే దారి. ఇప్పుడు మాస్టర్ డాట్ సీఎఫ్ ఫైల్ తెరవండి. అందులో ఎస్ఎంటీపీ, యూనిక్స్ అని మొదలయ్యే లైన్ ఒకటి ఉంటుంది. దాన్ని యథాతథంగా కాపీ చేసి, మొదటి పేరు మాత్రం మార్చండి. సొంతంగా మొదటి నుంచి టైప్ చేయకండి. మధ్యలో ఉండే క్రూట్ కాలమ్ ఒక్కో డిస్ట్రిబ్యూషన్‌లో ఒక్కోలా ఉంటుంది. కాపీ చేస్తే ఆ గొడవ ఉండదు.

కోచింగ్ యూనిక్స్ - - వై - - ఎస్ఎంటీపీ
  -ఓ ఎస్ఎంటీపీ_బైండ్_అడ్రస్=203.0.113.11
  -ఓ ఎస్ఎంటీపీ_హెలో_నేమ్=అవుట్11.హోస్టింగ్.ఎగ్జాంపుల్
  -ఓ సిస్‌లాగ్_నేమ్=పోస్ట్‌ఫిక్స్-కోచింగ్
  -ఓ ఐనెట్_ప్రోటోకాల్స్=ఐపీవీ4

ఇలాగే షాపు, ఫార్వర్డ్ అనే పేర్లతో మరో రెండు. ఉమ్మడి క్లయింట్లు మామూలు ఎస్ఎంటీపీ లైన్ మీదే వెళ్తారు, దానికి కూడా 10 ఐపీని, హెలో పేరును (అవతలి సర్వర్‌కి మన సర్వర్ చెప్పుకునే పేరును) రాయండి.

రాసేటప్పుడు మూడు సంగతులు గమనించండి. మైనస్ ఓ లైన్ల ముందు ఖాళీ తప్పకుండా ఉండాలి, లేకపోతే అది కొత్త సర్వీస్ అనుకుంటుంది. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ట్రాన్స్‌పోర్ట్ పేరు చిన్న అక్షరాలు, అంకెలతో సాదాగా పెట్టుకోండి. తర్వాత ఆ పేరుతోనే వేరే సెట్టింగులు రాయాలి.

సిస్‌లాగ్ పేరు ఎందుకంటే, లాగ్‌లో ఏ మెయిల్ ఏ ట్రాన్స్‌పోర్ట్ మీద వెళ్లిందో చూడగానే తెలుస్తుంది. అది లేకపోతే తర్వాత ప్రతిదీ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆఖరి లైన్ సంగతి: సర్వర్‌కి ఐపీవీ6 కూడా ఉంటే, జీమెయిల్‌కి వెళ్లే మెయిల్ దాని మీదుగా వెళ్లిపోవచ్చు. మీరు ఐపీవీ4ని ఎంత జాగ్రత్తగా విడగొట్టినా అందరూ ఒకే ఐపీవీ6 నుంచి బయటికి పోతుంటారు. ఐపీవీ6ని కూడా క్లయింట్‌వారీగా ఇవ్వదలిస్తే బైండ్ అడ్రస్ 6 అనే సెట్టింగ్ ఉంది, దానికి కూడా పీటీఆర్, ఎస్‌పీఎఫ్ అన్నీ పెట్టాలి. అంత ఓపిక లేకపోతే పైన రాసినట్టు ఐపీవీ4కే పరిమితం చేయండి.

4. ఎవరు ఏ ట్రాన్స్‌పోర్ట్‌లో వెళ్లాలో రాయండి

పోస్ట్‌ఫిక్స్ ఫోల్డర్‌లో సెండర్_ట్రాన్స్‌పోర్ట్ అనే కొత్త ఫైల్ పెట్టండి:

@కోచింగ్.ఎగ్జాంపుల్    కోచింగ్:
@షాపు.ఎగ్జాంపుల్    షాపు:
@ఆఫర్లు.షాపు.ఎగ్జాంపుల్    షాపు:
<>    ఫార్వర్డ్:

చివరి కోలన్ మర్చిపోవద్దు. సబ్‌డొమైన్‌కి విడిగా లైన్ కావాలి, అసలు డొమైన్ రాస్తే అది దానంతట అది వర్తించదు. ఖాళీ కోణం గుర్తులున్న లైన్ బౌన్స్‌ల కోసం. వాటికి పంపినవారి అడ్రస్ ఉండదు, పోస్ట్‌ఫిక్స్ వాటిని ఆ గుర్తుతోనే వెతుకుతుంది. ఫార్వర్డ్‌లకు ఎస్ఆర్ఎస్ (పంపినవారి అడ్రస్‌ని మన డొమైన్‌తో తిరగరాసే పద్ధతి) వాడుతుంటే, అది వాడే డొమైన్‌ని కూడా ఫార్వర్డ్ ట్రాన్స్‌పోర్ట్‌కి రాయండి. ఎస్ఆర్ఎస్ లేకపోతే ఫార్వర్డ్ అయ్యే మెయిల్ అసలు పంపినవారి అడ్రస్‌తోనే వెళ్తుంది, ఈ పట్టికలో దొరకదు, ఉమ్మడి ఐపీ నుంచే పోతుంది.

ఫైల్ రాశాక, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడపండి. హ్యాష్ అనే పట్టిక రకం మీ సిస్టమ్‌లో ఉందో లేదో "పోస్ట్‌కాన్ఫ్ -ఎమ్" చెబుతుంది (ఇక్కడ ఎమ్ చిన్న అక్షరం). కొన్ని కొత్త డిస్ట్రిబ్యూషన్లలో హ్యాష్ తీసేశారు, అక్కడ ఎల్ఎండీబీ వాడాలి.

5. మెయిన్ డాట్ సీఎఫ్‌లో కలపండి

సెండర్_డిపెండెంట్_డిఫాల్ట్_ట్రాన్స్‌పోర్ట్_మ్యాప్స్ = హ్యాష్:/ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్/సెండర్_ట్రాన్స్‌పోర్ట్
ఎస్ఎంటీపీ_బైండ్_అడ్రస్_ఎన్‌ఫోర్స్ = యెస్

మొదటి లైన్ అసలు పని చేసేది. రెండోది 3.7 నుంచి వచ్చిన రక్షణ. సర్వర్‌కి ఆ ఐపీ దొరక్కపోతే, ఉదాహరణకు రీబూట్ తర్వాత ఐపీ ఎక్కకపోతే, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి డిఫాల్ట్ ఐపీ నుంచే పంపేస్తుంది. ఈ లైన్ ఉంటే పంపకుండా క్యూలో ఆపుతుంది. మెయిల్ కాస్త ఆలస్యం కావడం, తప్పు ఐపీ నుంచి వెళ్లి ఎస్‌పీఎఫ్ ఫెయిల్ కావడం కన్నా మేలు.

"పోస్ట్‌ఫిక్స్ చెక్" నడిపి, ఏ ఫిర్యాదూ లేకపోతే "పోస్ట్‌ఫిక్స్ రీలోడ్" ఇవ్వండి. అప్పటికే క్యూలో వాయిదాపడిన మెయిల్స్ కూడా మళ్లీ ప్రయత్నించేటప్పుడు కొత్త దారిలోనే వెళ్తాయి.

6. లాగిన్‌ని అడ్రస్‌కి కట్టేయండి

పై మెట్లన్నీ పంపినవారి ఎన్వలప్ అడ్రస్‌ని (మెయిల్‌లో కనిపించే ఫ్రమ్ కాకుండా, సర్వర్‌కి చెప్పే అడ్రస్‌ని) నమ్మి దారి చూపిస్తాయి. ఆ అడ్రస్‌ని పంపేవాళ్లే రాస్తారు. కాబట్టి అది అబద్ధం కాకుండా చూడటం మన బాధ్యత.

లాగిన్ పేరు, మెయిల్ అడ్రస్ ఒకటే అయితే పని తేలిక. ఎస్ఎంటీపీడీ_సెండర్_లాగిన్_మ్యాప్స్ అనే సెట్టింగ్‌కి ఒక పీసీఆర్ఈ (నమూనాతో పోల్చి చూసే) ఫైల్ ఇచ్చి, "ఏ అడ్రస్ అయినా దాని యజమాని అదే పేరున్న లాగిన్" అని ఒక్క లైన్ రాస్తే చాలు. ఒక లాగిన్ నాలుగైదు అడ్రస్‌లతో పంపాలంటే, ఎడమ వైపు అడ్రస్, కుడి వైపు అనుమతి ఉన్న లాగిన్లు రాస్తూ మామూలు పట్టిక పెట్టుకోండి. యూజర్లు డేటాబేస్‌లో ఉంటే అక్కడి నుంచే తీసుకోవచ్చు.

తర్వాత మాస్టర్ డాట్ సీఎఫ్‌లో సబ్మిషన్ సర్వీస్ కింద, అంటే 587, 465 పోర్ట్‌ల దగ్గర, ఎస్ఎంటీపీడీ_సెండర్_రిస్ట్రిక్షన్స్ విలువగా రిజెక్ట్_ఆథెంటికేటెడ్_సెండర్_లాగిన్_మిస్‌మ్యాచ్ రాయండి.

ఇక్కడ జరిగే తప్పులు ఎక్కువ. ఒక్కొక్కటిగా చెబుతాను.

ఈ నియమాన్ని పర్మిట్_సాస్ల్_ఆథెంటికేటెడ్ తర్వాత పెడితే ఎప్పటికీ దాని వంతు రాదు. లాగిన్ అయిన ప్రతివాళ్లనూ ముందున్న నియమమే వదిలేస్తుంది. దీన్ని మొదట పెట్టాలి.

పేరులో నోన్ (known, తెలిసిన) అనే మాట ఉన్న మరో రకం నియమం ఉంది. అది పట్టికలో రాసిన అడ్రస్‌లనే చూస్తుంది, పట్టికలో లేని అడ్రస్‌తో పంపితే వదిలేస్తుంది. మనకు కావాల్సింది అది కాదు.

25 పోర్ట్ మీద లాగిన్ లేనివాళ్లకు కూడా వర్తించే కఠినమైన రకం పెట్టే ముందు ఆలోచించండి. క్లయింట్ వేరే సంస్థ ద్వారా తన డొమైన్ పేరుతో పంపిన మెయిల్, తిరిగి మీ సర్వర్‌కే వస్తే తిరస్కరణకు గురవుతుంది.

లాగిన్ అడగకుండా నమ్మే ఐపీల జాబితా అయిన మైనెట్‌వర్క్స్‌లో లూప్‌బ్యాక్ (సర్వర్ తనకు తాను వాడే అడ్రస్) తప్ప వేరే ఏమీ ఉండకూడదు. క్లయింట్ వెబ్ సర్వర్ ఐపీని అందులో చేర్చితే, ఆ సర్వర్‌లోని ఏ స్క్రిప్ట్ అయినా లాగిన్ లేకుండా ఏ పేరుతోనైనా పంపగలదు. వెబ్‌సైట్లకు కూడా ఒక మెయిల్ ఖాతా, పాస్‌వర్డ్ ఇచ్చి 587 మీదే పంపించండి.

ఈ నియమం పెట్టిన మర్నాడే ఫోన్లు వస్తాయి. "మా మెయిల్ వెళ్లడం లేదు, సెండర్ అడ్రస్ రిజెక్టెడ్ అంటోంది" అని. చాలావరకు అవి ఒక ఖాతాతో లాగిన్ అయ్యి ఇన్ఫో, సేల్స్ లాంటి వేరే అడ్రస్‌తో పంపేవాళ్లవే. టెన్షన్ పడి నియమం తీసేయకండి, ఆ అడ్రస్‌ని పట్టికలో చేర్చండి. ముందుగా లాగ్‌లో ఎవరు ఏ అడ్రస్‌తో పంపుతున్నారో వారం రోజులు చూసి పట్టిక తయారుచేసుకుంటే ఈ ఫోన్లు బాగా తగ్గుతాయి.

7. అదే సర్వర్‌లో పీహెచ్‌పీ సైట్లు ఉంటే

పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ సెండ్‌మెయిల్ కమాండ్ ద్వారా పంపుతుంది. దానికి లాగిన్ ఉండదు, ఆరో మెట్టు నియమం దాన్ని పట్టుకోదు. పైగా ఎన్వలప్ అడ్రస్ సాధారణంగా వెబ్ సర్వర్ యూజర్ పేరు, సర్వర్ హోస్ట్‌నేమ్ కలిపి ఉంటుంది. అందుకే క్లయింట్ ఐపీ నుంచి కాకుండా ఉమ్మడి ఐపీ నుంచి పోతుంది.

మంచి మార్గం: సెండ్‌మెయిల్ వాడే అనుమతిని రూట్‌కి, అవసరమైన ఒకరిద్దరు యూజర్లకు మాత్రమే ఆథరైజ్డ్_సబ్మిట్_యూజర్స్‌లో ఇవ్వండి. సైట్లన్నిటినీ లాగిన్‌తో పంపేలా మార్చండి. వర్డ్‌ప్రెస్‌కి ఇందుకు ప్లగిన్లు ఉన్నాయి. అంతగా మార్చలేని పాత సైట్లుంటే, పోస్ట్‌ఫిక్స్ 3.6 నుంచి లోకల్_లాగిన్_సెండర్_మ్యాప్స్ అనే సెట్టింగ్ ఉంది. ఏ లినక్స్ యూజర్ ఏ అడ్రస్‌తో పంపొచ్చో అందులో రాయొచ్చు. ప్రతి సైటూ దాని సొంత యూజర్‌తో నడుస్తుంటేనే దీనివల్ల ఉపయోగం.

8. డీకిమ్ కీలు వేర్వేరుగా

డీకిమ్ అంటే మెయిల్ మీద డొమైన్ పేరుతో వేసే డిజిటల్ సంతకం. ప్రతి క్లయింట్ డొమైన్‌కీ సొంత కీ, 2048 బిట్లది. డీఎన్ఎస్‌లో పెట్టేటప్పుడు ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు కాబట్టి పొడవైన కీని రెండు ముక్కలుగా కొటేషన్లలో రాయాలి. కొన్ని ప్యానెళ్లు తామే విడగొడతాయి.

ఓపెన్‌డీకిమ్ వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అది ఫ్రమ్ హెడర్ చూసి సంతకం చేస్తుంది, ఎన్వలప్ చూసి కాదు. అంటే షాపు లాగిన్, షాపు ఎన్వలప్‌తో వచ్చి, లోపల ఫ్రమ్‌లో ఆడిటర్ అడ్రస్ పెట్టినా ఆడిటర్ కీతో సంతకం పడుతుంది. ఆరో మెట్టు నియమం ఎన్వలప్‌నే చూస్తుంది కాబట్టి ఇది దాటిపోతుంది. ఆర్‌స్పామ్‌డీలోని డీకిమ్ సైనింగ్ మాడ్యూల్ ఎన్వలప్ డొమైన్, ఫ్రమ్ డొమైన్, లాగిన్ కలవకపోతే మొదటి నుంచే సంతకం చేయదు. కొత్తగా పెట్టుకునేవాళ్లకు నేను దాన్నే సూచిస్తాను. ఆ రక్షణ సెట్టింగులను "పని చేయడం లేదు" అంటూ ఆపేయకండి.

ఎస్‌పీఎఫ్, డీకిమ్ పాస్ కాని మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ రికార్డు కూడా ప్రతి డొమైన్‌కీ ఉండాలి. మొదట పీ ఈక్వల్స్ నన్‌తో (ఏ చర్యా వద్దనే విలువతో) మొదలుపెట్టి, రిపోర్టులు చూశాక కఠినం చేయండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపే డొమైన్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి అని గూగుల్ చెబుతోంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. ప్రచార మెయిల్స్‌కి ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే నుంచి ఔట్‌లుక్ ఖాతాలకు ఎక్కువ సంఖ్యలో పంపేవాళ్లకు ఇలాంటి నియమమే పెట్టింది. షాపు క్లయింట్‌కి ఇవి ముందే చెప్పండి. ఐపీ విడిగా ఇచ్చినంత మాత్రాన ఇష్టం వచ్చినట్టు పంపొచ్చని కాదు.

9. వేగానికి పగ్గం

కొత్త ఐపీ నుంచి మొదటి రోజే వేల మెయిల్స్ పంపితే అవతలివాళ్లు వాయిదా వేస్తారు. మెయిన్ డాట్ సీఎఫ్‌లో షాపు_డెస్టినేషన్_రేట్_డిలే విలువను 2 సెకన్లు పెట్టారనుకోండి. ఒక్కో గమ్యం డొమైన్‌కి రెండు సెకన్లకు ఒక మెయిల్ చొప్పున, గంటకు 1,800 దాటవు. కొన్నాళ్లు అలా నడిపి, వాయిదాలు లేవని లాగ్‌లో చూశాక తగ్గించండి. రేట్ డిలే కాకుండా ఒకేసారి తెరిచే కనెక్షన్లను తగ్గిస్తే చాలనుకుంటే డెస్టినేషన్_కాంకరెన్సీ_లిమిట్ ఉంది. దాని మామూలు విలువ 20.

ఈ రెండూ మెయిన్ డాట్ సీఎఫ్‌లోనే ఉండాలి. మాస్టర్‌లో ట్రాన్స్‌పోర్ట్ కింద మైనస్ ఓతో రాస్తే ఏమీ జరగదు, తప్పని కూడా చెప్పదు. వాటిని చదివేది క్యూ మేనేజర్, ఎస్ఎంటీపీ ప్రోగ్రామ్ కాదు.

షాపువాళ్ల ఆర్డర్ రసీదులు, ఓటీపీలు కూడా ఇదే ట్రాన్స్‌పోర్ట్‌లో ఉంటే ఆఫర్ మెయిల్స్ వెనక నిలబడిపోతాయి. ప్రచారానికి ఆఫర్లు అనే సబ్‌డొమైన్ వాడమని చెప్పి, దానికి మరో ట్రాన్స్‌పోర్ట్ ఇవ్వండి. నాలుగో మెట్టు పట్టికలో ఆ సబ్‌డొమైన్‌కి విడిగా లైన్ పెట్టింది ఇలాంటి అవసరం కోసమే. కుడి వైపు పేరు మారిస్తే చాలు.

10. పనిచేస్తోందో లేదో చూడటం

ముందు పట్టిక: పోస్ట్‌మ్యాప్‌కి మైనస్ క్యూ ఇచ్చి, అట్ గుర్తుతో సహా డొమైన్ అడగండి, ట్రాన్స్‌పోర్ట్ పేరు రావాలి. పూర్తి మెయిల్ అడ్రస్‌తో అడిగితే ఖాళీగా వస్తుంది. కంగారు పడకండి, పోస్ట్‌మ్యాప్ ఇచ్చిన మాటనే వెతుకుతుంది. పోస్ట్‌ఫిక్స్ మాత్రం అడ్రస్ దొరక్కపోతే డొమైన్‌తో కూడా వెతుకుతుంది.

తర్వాత ప్రతి క్లయింట్ ఖాతా నుంచి మీ జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపండి. జీమెయిల్‌లో "షో ఒరిజినల్" తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాస్ అని ఉండాలి. పైన ఉన్న రిసీవ్డ్ లైన్‌లో ఐపీ, హెలో పేరు మీరు అనుకున్నవేనా చూడండి. లాగ్‌లో, అంటే డెబియన్, ఉబుంటులో మెయిల్ డాట్ లాగ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో మెయిల్‌లాగ్, పోస్ట్‌ఫిక్స్-కోచింగ్ అన్న పేరు కనిపించాలి.

ఇక అసలైన పరీక్ష. షాపు లాగిన్‌తో కోచింగ్ అడ్రస్ పెట్టి పంపి చూడండి. స్వాక్స్ అనే టూల్‌తో ఇది తేలిక. 553 కోడ్‌తో తిరస్కరించాలి. ఈ మెయిల్ గనక వెళ్లిపోతే, మిగతావన్నీ పాస్ అయినా పని పూర్తికానట్టే.

బ్లాక్‌లిస్టులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. స్పామ్‌హౌస్‌ని గూగుల్ డీఎన్ఎస్ వంటి బహిరంగ రిజాల్వర్ల ద్వారా అడిగితే సరైన జవాబు ఇవ్వదు, 127.255.255.254 అని వస్తుంది. అది అడిగిన పద్ధతి తప్పని చెప్పే కోడ్, మీ ఐపీ లిస్టులో ఉందని కాదు. సర్వర్‌లో సొంత రిజాల్వర్ పెట్టుకుని అడగండి, లేదా వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి.

ఇంత చేసినా ఐపీ మారకపోతే

- రిలేహోస్ట్ సెట్ చేసి ఉందేమో చూడండి. ఉంటే అన్ని ట్రాన్స్‌పోర్టులూ అక్కడికే వెళ్తాయి, అవతలివాళ్లకు రిలే ఐపీయే కనిపిస్తుంది.
- ట్రాన్స్‌పోర్ట్_మ్యాప్స్‌లో ఆ గమ్యానికి ఏదైనా రాసి ఉంటే మన పట్టికను అది పక్కకు తోసేస్తుంది. ఎప్పుడో యాహూ కోసం రాసి మర్చిపోయిన లైన్లు ఇలా దొరుకుతుంటాయి.
- ఫైర్‌వాల్‌లో మాస్కరేడ్ నియమం ఉంటే అన్ని ఐపీలనూ ఒకటిగా మార్చేస్తుంది. డాకర్‌లో పోస్ట్‌ఫిక్స్ నడిపేవాళ్లు ముందు ఇదే చూడాలి.
- పట్టిక మార్చి పోస్ట్‌మ్యాప్ నడపడం మర్చిపోవడం. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ముందు దీన్నే చూసుకోవాలి.

వేరే దారులు

సీప్యానెల్‌లో ఉన్నవాళ్లకు పోస్ట్‌ఫిక్స్ ఉండదు, ఎగ్జిమ్ ఉంటుంది. అక్కడ ఈటీసీలోని మెయిల్‌ఐపీస్, మెయిల్‌హెలో అనే రెండు ఫైళ్లలో డొమైన్, కోలన్, విలువ రాసి, ఎగ్జిమ్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆ ఫైళ్లను చూడమనే ఆప్షన్లు ఆన్ చేస్తే చాలు.

ఒక క్లయింట్ క్యూ ఇంకొకరి క్యూని అసలు తాకకూడదంటే పోస్ట్‌మల్టీతో వేరే ఇన్‌స్టెన్స్ పెట్టుకోవచ్చు. మనం పైన చేసిన పద్ధతిలో దారులు వేరైనా యాక్టివ్ క్యూ ఒక్కటే, దాని పరిమితి మామూలుగా 20,000 మెయిల్స్. ఒక్క క్లయింట్ దాన్ని నింపేస్తే మిగతావాళ్లు ఆగాలి. లక్షల్లో పంపే క్లయింట్ ఉంటేనే ఇన్‌స్టెన్స్ అవసరం. పదిమంది చిన్న క్లయింట్ల కోసం పది ఇన్‌స్టెన్సులు పెడితే వాటిని చూసుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది.

25 పోర్ట్ లేనివాళ్లు, ప్రచార మెయిల్స్‌ని పూర్తిగా బయటికి పంపేయాలనుకునేవాళ్లు సెండర్_డిపెండెంట్_రిలేహోస్ట్_మ్యాప్స్‌తో ఆ క్లయింట్‌ని మాత్రం అమెజాన్ ఎస్ఈఎస్ వంటి సేవకు మళ్లించవచ్చు. పాస్‌వర్డ్ కూడా క్లయింట్‌ని బట్టి మారాలంటే ఎస్ఎంటీపీ_సెండర్_డిపెండెంట్_ఆథెంటికేషన్‌ని యెస్ అనాలి.

ఒక క్లయింట్ ఖాతా హ్యాక్ అయిన రోజు

ఈ విభజన అసలు విలువ ఆ రోజు తెలుస్తుంది. మెయిన్ డాట్ సీఎఫ్‌లో డిఫర్_ట్రాన్స్‌పోర్ట్స్ విలువగా షాపు అని రాసి రీలోడ్ చేయండి. షాపు మెయిల్స్ క్యూలో ఆగిపోతాయి, మిగతా అందరివీ యథావిధిగా వెళ్తుంటాయి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి, సైట్‌లో స్క్రిప్ట్ ఉంటే తీయించండి.

ఆగిన క్యూలో మంచి మెయిల్స్ కూడా ఉంటాయి. అన్నీ చెరిపేసే కమాండ్ జోలికి వెళ్లకండి, అది మిగతా క్లయింట్ల మెయిల్స్‌ని కూడా తుడిచేస్తుంది. పోస్ట్‌క్యూకి మైనస్ జే ఇస్తే క్యూ మొత్తం జేసన్‌గా వస్తుంది. పంపిన అడ్రస్‌ని బట్టి చెడ్డ మెయిల్స్ ఐడీలు ఏరి, వాటిని మాత్రమే పోస్ట్‌సూపర్‌కి ఇచ్చి తీసేయండి. ఆ పని అయ్యేవరకు ఎవరూ "పోస్ట్‌క్యూ -ఎఫ్" కొట్టకుండా చూడండి. డిఫర్‌లో ఉన్నా ఆ కమాండ్ ఇస్తే అన్నీ బయలుదేరుతాయి.

శుభ్రం అయ్యాక డిఫర్ లైన్ తీసి, రీలోడ్ చేసి, లాగ్ గమనించండి. ఐపీ బ్లాక్‌లిస్టులోకి వెళ్లి ఉంటే తొలగించమని అడగాల్సింది అప్పుడే, స్పామ్ ఆగిందని లాగ్‌లో రూఢి చేసుకున్నాక. కారణం తీయకుండా అడిగితే మళ్లీ లిస్టులో పడతారు, రెండోసారి అడిగినప్పుడు అంత తేలిగ్గా తీయరు.